నడుం తాడు

ఆ హార్బరులో అతన్ని అందరూ మైకు అనేవారు. ఆ పేరు ఊరికే రాలేదు. డెబ్భై రెండడుగుల యాట్‌ని, అంటే షికారు పడవని, జెట్టీకి తెచ్చే ప్రతిసారీ పైన స్టీరింగ్ దగ్గర నిలబడి, కింద తాడు పట్టుకున్న పెళ్ళాం మీద అతను అరిచే అరుపులు డీజిల్ బంకు దాకా వినపడేవి. ముందుది కట్టమనేవాడు, కాదు వెనకది అనేవాడు, నిద్రపోతున్నావా అని అడిగేవాడు. చుట్టుపక్కల పడవలవాళ్ళు చేతిలో పని ఆపుకుని మరీ బయటికొచ్చి నిలబడేవారు. ఖర్చు లేని వినోదం ఎవరు వదులుకుంటారు?

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. పడవల్లో కాపురం చేసే మొగుడూ పెళ్ళాల్లో జెట్టీ దగ్గర పోట్లాడుకోని జంట నాకు తెలిసి లేదు. గాలి ఒకవైపు తోస్తుంది, నీళ్ళు ఇంకోవైపు లాగుతాయి, పక్కనే ఇంకొకళ్ళ పడవ తళతళా మెరుస్తూ ఉంటుంది. ఎంత నెమ్మదస్తుడికైనా నోరు లేస్తుంది. కట్టడం అయిపోయాక ఇద్దరూ కూర్చుని కాఫీ తాగుతారు. మైకు కూడా తాగేవాడు. అరిచిన సంగతి అతనికి కాఫీ చల్లారేలోపే మర్చిపోవడం అలవాటు. గుర్తుపెట్టుకునే పని ఆవిడకి వదిలేశాడు, మిగతా చాలా పనులతో పాటు.

ఆ యాట్ ఎవరో బాగా ఉన్నవాడు సరదాపడి కట్టించుకున్నది. ఆరుగురు నౌకర్లు నడపాలని లెక్కవేసి కట్టారు. ఆయనకి సరదా తీరిపోయాక షెడ్డులో పడి పాడవుతుంటే, ఈ ఇద్దరూ ఉన్న ఇల్లు ఇచ్చేసి దాన్ని తెచ్చుకున్నారు. నాలుగేళ్ళు గీకి, అతికి, రంగులేసి నీళ్ళలోకి దించారు. ఆ తర్వాత ఇరవై ఆరేళ్ళు యాత్రికుల్ని ఎక్కించుకుని రెండేసి మూడేసి రోజులు తిప్పి తీసుకొచ్చేవారు. ఆరుగురి పని ఇద్దరే చేశారు. ఇంజిన్, స్టీరింగ్ అతనివి. వంట, పక్కలు, తుడుపు, లంగరు, తాళ్ళు ఆవిడవి. పడవ మొత్తం నేనే నడుపుతున్నానని అతను అందరితో చెప్పుకునేవాడు. నిజంగానే అలా అనుకునేవాడు కూడా, పాపం.

నాలుగు నెలల కిందట ఒక మధ్యాహ్నం, గాలి పక్కనుంచి కొడుతుండగా వచ్చి కట్టారు. ఎప్పటిలాగే అరిచాడు. దిగడానికి నిలబడ్డ యాత్రికుల్లో ఇద్దరు ముసిముసిగా నవ్వారు. ఆవిడ నాలుగు తాళ్ళూ ఒక్కొక్కటే కట్టింది, మిగిలిన తాడు చుట్టచుట్టి పక్కన పెట్టింది, యాత్రికుల్ని చెయ్యి పట్టుకుని దింపింది. లోపలికెళ్ళి బట్టల సంచి తెచ్చుకుంది. వెళ్తున్నాను అని చెప్పింది. మైకు ఇంజిన్ గదిలోంచి తల కూడా ఎత్తకుండా, వచ్చేటప్పుడు పాలు తెమ్మన్నాడు.

పాలు రాలేదు. ఆవిడా రాలేదు. మూడోరోజు తెలిసింది, హార్బరు వెనక వీధిలో పడవలకి గుడ్డ కప్పులు కుట్టే కొట్లో పనికి చేరిందని, ఆ కొట్టు మేడ మీద గదిలోనే ఉంటోందని.

వెళ్ళి బతిమాలాలని అతనికి తోచలేదు. కోపం తగ్గాక తనే వస్తుందనుకున్నాడు. ఈలోగా పడవ తనొక్కడే నడిపి చూపిస్తే ఇంకా తొందరగా వస్తుందని కూడా అనుకున్నాడు. ఈ రెండో ఆలోచన ఏ తర్కం మీద నిలబడిందో నన్నడక్కండి.

ఒక్కడే నడపడం అంటే ఏమిటో అతనికి మొదటి వారంలోనే తెలిసొచ్చింది. స్టీరింగ్ దగ్గర్నుంచి పడవ మూతి కనపడదు. లంగరు వేస్తే గొలుసు ఎటు లాగుతోందో మూతి దగ్గర నిలబడి చూడాలి. చూసి చెయ్యెత్తి చూపించే మనిషి లేడు గనక, తనే మూతి దాకా నడిచి వెళ్ళి చూసి, మళ్ళీ అంత దూరమూ వెనక్కొచ్చి గేరు మార్చి, మళ్ళీ చూడ్డానికి వెళ్ళాలి. అతను వెళ్ళొచ్చేలోపు గొలుసు మనసు మార్చుకునేది. ఒడ్డుకొచ్చే ముందు పక్కలకి రబ్బరు దిళ్ళు దింపాలి. అవి పన్నెండున్నాయి. ఒక్కోటి చిన్నపాటి బస్తా. గాలి మారి అవతలి పక్కన ఆనాల్సి వస్తే పన్నెండూ విప్పి అవతలికి మోయాలి. ఆవిడ ఈ పని ఎప్పుడు చేసేదో అతను ఒక్కసారి కూడా చూడలేదు. దిళ్ళు ఎప్పుడూ వేలాడుతూనే కనపడేవి మరి.

సముద్రం మీద స్టీరింగ్ వదలడానికి లేదు. ఒకరోజు పొయ్యి మీద గుడ్లు పెట్టి మర్చిపోతే, నీళ్ళు ఇంకిపోయి గిన్నె మాడిన వాసన పైకొచ్చింది. కిందికి పరిగెత్తి పొయ్యి కట్టేసి పైకొచ్చేసరికి చేపలవాళ్ళ వల బెండ్లు మూతికి రెండు బారల దూరంలో ఉన్నాయి. ఎలా తప్పించాడో అతనికే తెలియదు. ఆ వేళ నుంచి సముద్రం మీద వంట మానేసి బ్రెడ్డు నమలడం మొదలుపెట్టాడు. ఇక కాఫీ ఎక్కువ తాగితే వచ్చే ఇబ్బంది సంగతి మర్యాదస్తుల ముందు చెప్పుకునేది కాదు గానీ, దానికి ఒక బకెట్టు ఏర్పాటైందని మాత్రం చెబుతాను.

అన్నిటికంటే కష్టం యాత్రికుల ఆరు గదులు. ఒక్కడే అయ్యాక వాళ్ళని ఎక్కించుకోవడం మానేశాడు. ఎవరూ పడుకోకపోయినా వారానికోసారి ప్రతి గదిలో కొళాయి విప్పి నీళ్ళు వదలాలి, లేకపోతే గొట్టాలు కంపు కొడతాయి. పరుపులు నిలబెట్టి గాలి తగలనివ్వాలి. అతను ఒక్కో తలుపూ తీసి, కొళాయి విప్పి, మంచం అంచున కూర్చుని, నీళ్ళు తేటపడేదాకా ఆ చప్పుడు వినేవాడు. ఆరు గదుల్లో ఆరుసార్లు. ఆఖరి గదికి వచ్చేసరికి ఏడుపొచ్చేది. ఎందుకో మొదట్లో అర్థమయ్యేది కాదు. కొళాయి వదలడానికి ఏడవడమేమిటని తనని తనే తిట్టుకునేవాడు.

ఇంజిన్ గదిలోకి దిగే ముందు "కిందికెళ్తున్నా" అని గట్టిగా చెప్పడం అతని అలవాటు. ఇంజిన్ గదిలో కాలు జారి పడితే పైనున్నవాళ్ళకి తెలియాలి గదా. ఇప్పటికీ చెబుతూనే ఉన్నాడు. చెప్పాక ఒక్క క్షణం ఆగేవాడు, సరే అన్న మాట కోసం. ఆ తర్వాత దిగేవాడు. ఒకరోజు దిగాక తట్టింది, తను ఇక్కడ పడిపోతే ఎన్ని రోజులకి ఎవరు చూస్తారా అని. లెక్క వేసుకున్నాడు. పది రోజులకి తక్కువ తేలలేదు.

మెకానిక్ ఒకడు ఉండేవాడు, పాత స్నేహితుడు. అన్నయ్యా వదినా అని చనువుగా తిరిగినవాడు. వెళ్ళేటప్పుడు రాను గానీ వచ్చేటప్పుడు రేవు మొదట్లో ఎక్కి తాళ్ళు పట్టుకుంటానన్నాడు. మూడుసార్లు పట్టుకున్నాడు. నాలుగోసారి దిగి, చెవిలో వేలు పెట్టి తిప్పుకుంటూ, "అన్నయ్యా, మీరంటే నాకు గౌరవమే. కానీ ఈ చెవులు నాకింకా కావాలి," అని చెప్పి వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ, వదిన ఇన్నేళ్ళు ఎలా పడిందో అన్నాడు. ఆ మాట విననట్టే మైకు ఇంజిన్ గదిలోకి దిగిపోయాడు.

ఆ తర్వాత అతను రేడియోలో పిలిస్తే హార్బరు పనివాళ్ళు జెట్టీ మీదికొచ్చి తాళ్ళు అందుకునేవారు. అది వాళ్ళ పని కాదని హార్బరు ఆఫీసరమ్మకి తెలిసింది. ఆవిడ కొత్తగా వచ్చింది, రూలు పుస్తకం ఇంకా పాతబడలేదు. అరవై అడుగులు దాటిన పడవ రేవులోకి రావాలన్నా, పోవాలన్నా దాని మీద ఇద్దరుండాలని ఒక కాగితం పంపింది. ఒక్కడే నడుపుతానంటే, ఎవరి సాయమూ లేకుండా తెచ్చి కట్టి ఆవిడ కళ్ళముందు నిరూపించాలి. లేకపోతే పడవ జెట్టీ వదిలి కదలకూడదు.

కదలని పడవ పడవేమిటి? మైకు ఆ కాగితం మూడుసార్లు చదివాడు. ఇద్దరు కావాలి అన్నచోటే మూడుసార్లూ ఆగాడు. కూలికి ఇంకో మనిషిని పెట్టుకోవచ్చు, వెతికితే దొరుకుతాడు. కానీ అతనికి మొండితనం ముంచుకొచ్చింది. పెళ్ళాం లేకపోతే పడవ ఆగిపోయిందని హార్బరంతా చెప్పుకుంటారు. ఆవిడ చెవినా పడుతుంది. అలా పడకూడదు. పదో తారీకున పరీక్షకి సిద్ధమని రాసిచ్చాడు.

పదో తారీకున ఉదయం అంతా సవ్యంగానే ఉంది. తేలిక గాలి, ఎండ. దిళ్ళు దింపుకున్నాడు, తాళ్ళు నాలుగూ చేతికందేలా పరుచుకున్నాడు. బయటికెళ్ళి తిరిగొచ్చాడు. ఆఫీసరమ్మ జెట్టీ మీద అట్ట పట్టుకుని నిలబడింది. చుట్టూ పడవలవాళ్ళు మామూలుగానే బయటికొచ్చారు. మైకు యాట్‌ని మెల్లగా, సూదిలో దారం ఎక్కించినంత ఒడుపుగా తీసుకొచ్చి జెట్టీకి జానెడు దూరంలో నిలిపాడు. అలా నిలపడం అతనికి మాత్రమే వచ్చు, ఆ విషయంలో ఎవరూ వంక పెట్టలేరు.

అక్కడ ఇరవై ఆరేళ్ళ అలవాటు అతన్ని పట్టుకుంది. చెయ్యి తనంతట తనే వెళ్ళి ఇంజిన్ ఆపేసింది. నోరు తనంతట తనే తెరుచుకుంది.

"కట్టు!"

ఆ కేక డీజిల్ బంకు దాకా వెళ్ళే ఉంటుంది. కట్టేవాళ్ళు లేరు. తాళ్ళు పరిచినచోట పరిచినట్టే ఉన్నాయి. ఒక్క క్షణం అతను ఎదురుచూశాడు కూడా, ఇంకా కట్టలేదేమని. తెలివొచ్చి మెట్లు దిగి పరిగెత్తేలోపు గాలి పడవని జెట్టీ నుంచి మూడు బారలు లాక్కుపోయింది. విసిరిన తాడు నీళ్ళలో పడింది. మళ్ళీ పైకెళ్ళి ఇంజిన్ వేసేలోపు యాట్ వెనకభాగం పక్కవాళ్ళ పడవకి ఆనుకుని దాని కమ్మీ వంగిపోయింది.

ఎవరూ నవ్వలేదు. మైకుకి అదే ఎక్కువ తలకొట్టేసినట్టయింది. హార్బరు పనివాళ్ళు తాళ్ళు పట్టి లాగి కట్టారు. ఆఫీసరమ్మ దగ్గరికొచ్చింది. ఎగతాళి చేసే మనిషి కాదావిడ. నిజంగానే అర్థంకాక అడిగింది.

"ఎవర్ని కట్టమన్నారండీ?"

మైకు వంగి తడిసిన తాడు చుట్టచుట్టసాగాడు. ఆవిడ అట్ట మీద ఏదో రాసుకుని, వచ్చే వారం ఇంకొక్కసారి చూస్తాననీ, అదే ఆఖరనీ చెప్పింది.

ఆ వారం మొదటి మూడు రోజులూ అతను కట్టి ఉన్న పడవలోనే సాధన చేశాడు. స్టీరింగ్ దగ్గర్నుంచి ముందు తాడు దగ్గరికి పరుగు, అక్కడినుంచి వెనక తాడు దగ్గరికి పరుగు. వాచీ పెట్టుకుని చూసుకున్నాడు. ముందుది కట్టేసరికి వెనకభాగం దూరం జరిగిపోతుంది. వెనకది కడితే ముందుభాగం పోతుంది. అరవై మూడేళ్ళ మోకాళ్ళు ఎంత పరిగెత్తినా గాలి కంటే వెనకే. అలా మెట్ల మీద కూర్చుని రొప్పుతున్నప్పుడు అతనికి ఒక విషయం తట్టింది. ఇరవై ఆరేళ్ళపాటు ఒక్కర్తే కట్టింది ఆవిడ. ఆ పక్కనా ఈ పక్కనా ఇంకో మనిషి లేడు. మరి ఎలా కట్టింది? ముందు ఏ తాడు వేసేది? తను రోజూ పైనుంచి చూస్తూనే ఉన్నాడు. కానీ అప్పుడు తన కళ్ళు ఎప్పుడూ పక్కవాళ్ళ పడవ మీదే ఉండేవి.

నాలుగోరోజు మధ్యాహ్నం భోజనాలవేళ ఆ కొట్టుకి వెళ్ళాడు. తాడు సంగతి అడగాలనుకున్నాడు. అది పైకి. లోపల అనుకున్నది వేరు. రమ్మని అడగాలి. ఎలా అడగాలో దారంతా కూడబలుక్కున్నాడు.

కొట్టు పొడుగ్గా ఉంది. నేలమీద తెల్లని గుడ్డ తానులు, గోడకి కత్తెరలు, కొత్త గుడ్డకి పూసిన మైనం వాసన. మూడు మిషన్లలో రెండు ఖాళీగా ఉన్నాయి, వాళ్ళు తినడానికి వెళ్ళారు. ఆవిడ చివరి మిషను దగ్గర కూర్చుని ఉంది. మిగతా రెండిటికంటే ఆ బల్ల జానెడు కిందికి ఉంది. కాళ్ళు కోసి దించినట్టున్నారు. అతను ఎందుకని ఆలోచించలేదు. ఆవిడ అతన్ని చూసి మిషను ఆపింది. కూర్చోండి అని స్టూలు చూపించింది. పదో తారీకు సంగతి తెలుసని ఆవిడ మొహం చూస్తేనే తెలుస్తోంది.

పడవ ఎలా ఉందని అడిగింది. బాగుందన్నాడు. గదుల్లో కొళాయిలు వదులుతున్నారా అని అడిగింది. వదులుతున్నానన్నాడు.

"నన్ను పిలవడానికొచ్చారా? ఇంకేదైనా పని మీదొచ్చారా?" ఆవిడ సూటిగా అతని మొహంలోకి చూస్తూ అడిగింది.

అడగాల్సిన ప్రశ్నని ఆవిడే తెచ్చి చేతిలో పెట్టింది. ఔనంటే సరిపోయేది. ఒక్క మాట. కానీ అతనికి వంగిన కమ్మీ గుర్తొచ్చింది, జెట్టీ మీద మొహాలు గుర్తొచ్చాయి. ఓడిపోయి వచ్చాడనుకుంటుందని రోషం అడ్డమొచ్చింది.

"తాడు గురించి," అన్నాడు. "నువ్వు ముందు ఏ తాడు వేసేదానివి?"

ఆవిడ కళ్ళలో ఏదో కదిలి ఆగిపోయింది. లేచి, కత్తిరింపు బల్ల దగ్గరికి వెళ్ళి, అతన్ని రమ్మంది. ఒక చెక్క స్కేలు బల్ల అంచుకి ఆనించి పెట్టింది, అది జెట్టీ. పక్కనే అగ్గిపెట్టె పెట్టింది, అది పడవ. దారం ముక్క తీసి అగ్గిపెట్టె మధ్యలో చుట్టింది.

"ముందూ కాదు, వెనకా కాదు. నడుం తాడు," అంది. "మధ్యలోది. స్టీరింగ్ దగ్గర్నుంచి మూడు మెట్లు దిగితే చేతికందుతుంది. అది తీసుకెళ్ళి జెట్టీ మీద వెనకవైపున్న గుంజకి వేయండి. ఒక్కటే. తర్వాత పైకొచ్చి ఇంజిన్ మెల్లగా ముందుకి ఉంచండి. ఆపకండి. చుక్కాని జెట్టీకి అవతలివైపు తిప్పండి. తాడు ముందుకి పోనివ్వదు, ఇంజిన్ దూరం జరగనివ్వదు. పడవ తనే వచ్చి జెట్టీకి ఆనుకుని నిలబడుతుంది." ఆవిడ దారం లాగి పట్టుకుని అగ్గిపెట్టెని వేలితో ముందుకు తోసింది. అది బుద్ధిగా స్కేలుకి ఆనుకుంది. "ఆ తర్వాత మిగతా మూడు తాళ్ళూ మీకు తోచినప్పుడు కట్టుకోవచ్చు. తొందరేం లేదు."

మైకు అగ్గిపెట్టెనే చూస్తున్నాడు. అంత తేలికా?

"మరి నువ్వు రోజూ ఇలాగే కట్టేదానివా?"

"ఎలా కడతాను? మీరు ఇంజిన్ ఆపేసేవారుగా. ఇంజిన్ ఆగితే ఇది పనిచేయదు. నడుం తాడు వేసి, నేను లాగి పట్టుకునేదాన్ని."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"మొదటి ఏడే చెప్పాను. తాళ్ళ సంగతి నువ్వు చూసుకో, ఇంజిన్ సంగతి నాకు తెలుసన్నారు. ఇంకో రెండుసార్లు కూడా చెప్పాను." ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే అతనికి కాస్త నయంగా ఉండేది. "తర్వాత మానేశాను."

ఆవిడ స్కేలు గోడకి తగిలించబోయింది. కుడిచెయ్యి భుజం దాకా లేచి అక్కడ ఆగింది. ఎడమచేతికి మార్చుకుని తగిలించింది. అప్పుడు అతనికి కాళ్ళు కోసిన బల్ల ఎందుకో తెలిసింది. ఏదో అనాలనుకున్నాడు. భోజనాలకి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చారు, మిషన్లు మొదలయ్యాయి. వెళ్ళొస్తానని చెప్పి వచ్చేశాడు.

రెండో పరీక్షరోజు గాలి ఎక్కువగానే ఉంది. ఆఫీసరమ్మ ఇంకోరోజుకి వాయిదా వేద్దామా అని రేడియోలో అడిగింది. వద్దన్నాడు. యాట్‌ని జెట్టీకి జానెడు దూరంలో నిలిపాడు. చెయ్యి ఇంజిన్ మీదికి వెళ్ళింది, దాన్ని రెండో చేత్తో పట్టుకుని ఆపాల్సొచ్చింది. నోరు మూసుకున్నాడు. మూడు మెట్లు దిగాడు, నడుం తాడు అందుకున్నాడు, వెనక గుంజకి వేసి బిగించాడు. పైకి నడిచి, పరుగు కాదు, గేరు మెల్లగా ముందుకి వేశాడు, చుక్కాని అవతలికి తిప్పాడు.

తాడు ఒకసారి కిర్రుమని బిగుసుకుంది. నలభై టన్నుల పడవ ఒళ్ళు విరుచుకున్నట్టు కదిలి, పక్కకి జరిగి, జెట్టీకి ఆనుకుని నిలబడిపోయింది. గాలి కొడుతూనే ఉంది. పడవ కదల్లేదు.

ఇక చేయాల్సిందేమీ లేదు. మిగతా తాళ్ళకి తొందర లేదు. కావాలంటే కిందికెళ్ళి కాఫీ పెట్టుకుని తాగొచ్చు. అతను స్టీరింగ్ దగ్గర ఊరికే నిలబడి ఉన్నాడు. జెట్టీ మీద ఎవరూ గొంతెత్తలేదు, ఇంజిన్ గురగురమంటోంది, అంతే. ఆ నిశ్శబ్దంలో అతనికి సంగతి పూర్తిగా అర్థమైంది. ఇన్నేళ్ళలో ఒక్కరోజు కూడా అరవాల్సిన అవసరం లేదు. ఒక్కరోజు కూడా ఆవిడ లాగాల్సిన అవసరం లేదు. చెయ్యి గేరు మీద అలా ఉంచితే సరిపోయేది. ఇంజిన్ చేయాల్సిన పని ఇరవై ఆరేళ్ళు ఒక ఆడమనిషి భుజంతో చేయించాడు, పైగా ఆలస్యం చేస్తున్నావని తిట్టాడు. అతనికి కళ్ళనీళ్ళు తిరిగాయి. గాలి వల్ల అనుకుంటారులే అని తుడుచుకోలేదు.

ఆఫీసరమ్మ పైకొచ్చి చెయ్యి కలిపింది. ఇంత నెమ్మదిగా పడవ కట్టడం తను చూడలేదంది, ఎవరు నేర్పారని అడిగింది. నా భార్య అన్నాడు. ఒక్కరు చాలు అని రాసి సంతకం పెట్టిన కాగితం అక్కడికక్కడే ఇచ్చింది.

కాగితం జేబులో పెట్టుకుని అతను తిన్నగా కొట్టుకి వెళ్ళాడు. ఆరోజు మిగతా ఇద్దరూ ఎవరిదో పడవ కొలతలకి వెళ్ళారు. ఆవిడ ఒక్కర్తే పెద్ద గుడ్డ కప్పు కుట్టడం పూర్తిచేసి నేలమీద పరిచి చూసుకుంటోంది. ఆ గుడ్డ కొట్టంతా నిండి ఉంది. అతను గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

కట్టాను అన్నాడు. తెలుసంది. కొట్టు మేడ మీది నుంచి చూసిందట.

"నీ భుజం నావల్లే పోయింది," అన్నాడు.

"అవును," అంది ఆవిడ.

అంతే. కాదనలేదు, పోనీలెండి అనలేదు. ఈసారి కూడబలుక్కుని రాలేదు, అందుకని మాటలు వాటంతటవే వచ్చాయి.

"మొన్న తాడు కోసం రాలేదు నేను. నిన్ను రమ్మని అడగడానికే వచ్చాను. నోరు రాలేదు."

"నాకు తెలుసు. అందుకే నేనే అడిగాను." ఆవిడ వంగి గుడ్డ మీది దారప్పోగులు ఏరుతోంది. "మొన్న మీరు ఔనంటే ఏం చెప్పేదాన్నో నాకే తెలీదు. వచ్చేసేదాన్నేమో. మీరు తాడన్నారు. తాడు చెప్పాను. ఇప్పుడు పడవకి నేను అక్కర్లేదు."

"పడవకి కాదు. ఒక్కణ్ణే ఉండలేకపోతున్నాను. కిందికెళ్తున్నానని చెబితే సరే అనేవాళ్ళు లేరు. పక్కన ఒక మనిషి ఉండాలి."

ఆవిడ దారప్పోగులు ఏరడం ఆపింది.

"ఒక మనిషి," అంది మెల్లగా. "ఇన్నాళ్ళూ నేను అదేగా అక్కడ."

మైకు నోరు తెరిచాడు. ఒక మనిషి కాదు, నువ్వే అని అప్పుడు అనొచ్చు. అన్నా, ఆవిడ అందించాక అన్న మాటే అవుతుంది. అది అతనికీ తెలిసింది. నోరు మూసుకున్నాడు. బయట వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు.

"వచ్చారుగా, ఆ చివర పట్టుకోండి. ఇది మడత పెట్టడానికి ఇద్దరు కావాలి," అంది ఆవిడ.

అతను గుడ్డకి అవతలి అంచున నిలబడి రెండు మూలలూ పట్టుకున్నాడు. ఆవిడ ఇవతల పట్టుకుంది, చెయ్యి నడుం పైకి లేవకుండా. కొంచెం లాగమంది, లాగాడు. వదలమంది, వదిలాడు. ఎడమచేతి మూల కుడిచేతిలోకి తెమ్మంది, తెచ్చాడు. ఆవిడ ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. ఎలా చెప్పాలో అలా చెబుతుంటే అతను ఎలా చేయాలో అలా చేశాడు. ఒక్కో మడతకి ఇద్దరూ రెండడుగులు దగ్గరికొచ్చి, మళ్ళీ వెనక్కెళ్ళి, మళ్ళీ దగ్గరికొచ్చారు. కొట్టంతా పరుచుకున్న గుడ్డ బల్లంతైంది, బల్లంత గుడ్డ దిండంతైంది. ఇంకొంచెం పెద్దదైతే బాగుండుననిపించింది అతనికి.

ఆఖరి మడతకి నాలుగు చేతులూ ఒకచోటికి వచ్చాయి. ఆవిడ వేళ్ళు గరుకుగా, వెచ్చగా ఉన్నాయి. ఆవిడ అతని చేతుల్లోంచి రెండు మూలలూ తీసుకుని తన వైపు మూలలతో కలిపింది.

"అయిపోయింది, వదిలేయండి," అంది.

అతను వదిలేశాడు.